అనుమానపు అంజనం

శంఖపురి రేవులో ఆ ఉదయం కెరటాలకు కూడా తీరిక లేదు. తీరం పొడవునా అరటిబోదెల స్తంభాలు, వాటి మీద చెంగల్వ తోరణాలు, తోరణాల కింద బారులు తీరిన పద్ధెనిమిది ఏనుగులు. ప్రతి ఏనుగు కుంభస్థలం మీదా ముత్యాలు కుట్టిన ఎర్ర మఖమలు గుడ్డ. ఆ ముత్యాల మీద పడి చిట్లిన ఎండ తిరిగి సముద్రంలోకే గెంతుతోంది. పదిహేనేళ్ళ తరువాత యువరాజు నీలధ్వజుడు స్వదేశానికి వస్తున్నాడు.

అతడిని తెస్తున్న మహానౌకను మొసలిపళ్ళు దాటించి రేవులోకి తీసుకొస్తున్నవాడు కొమరన. మొసలిపళ్ళంటే మౌక్తికద్వీపం చుట్టూ నీటి అడుగున నక్కి ఉన్న రాళ్ళ వరుస. వాటి సందుల్లోంచి ఓడను నడపగల తండేళ్ళు ద్వీపం మొత్తం మీద ముగ్గురే. వాళ్ళలో చిన్నవాడు ఇరవయ్యేళ్ళ కొమరన.

కానీ ఇవాళ కొమరన కళ్ళు రాళ్ళ మీద కంటే యువరాజు మీదే ఎక్కువగా ఉన్నాయి. ఓడ ముందుభాగాన నిలబడిన ఆ సన్నటి పొడగరి, కొమరన ఓడ ఎక్కిన దగ్గర్నించీ ఒక్క మాట మాట్లాడలేదు. కొమరన తల్లి పైడమ్మ ఆ యువరాజుకు పాలిచ్చి పెంచిన దాది. ఇద్దరూ ఒకే రొమ్ము పంచుకున్నవాళ్ళు. "బాబూ, నేను కొమరన్ని" అని చెప్పినప్పుడు యువరాజు ముఖం పాలిపోయింది. చెయ్యి నడుము దగ్గరి బాకు మీదికి పోయింది. తరువాత అతడు గిరుక్కున తిరిగి వెళ్ళిపోయాడు.

'పాలు పంచుకున్నవాణ్ణి చూసి బాకు పట్టుకుంటాడా?' అనుకున్నాడు కొమరన. అనుమానం అక్కడ మొదలైంది.

హిరణ్యకూట సామ్రాజ్యం మౌక్తికద్వీపాన్ని జయించి మూడు తరాలైంది. జయించినవాళ్ళు రాజును చంపలేదు, సింహాసనాన్ని కూల్చలేదు. దాని పక్కన ఒక చిన్న పీట వేశారు, అంతే. ఆ పీట మీద కూర్చునేవాడు చక్రవర్తి పంపిన రాజప్రతినిధి. రాజు నోరు తెరిచే ముందు ఆ పీట వైపు చూడాలి. రాజకుమారుడికి ఐదేళ్ళు నిండగానే విద్యాబుద్ధుల కోసమంటూ సముద్రం దాటించి చక్రవర్తి నగరానికి తీసుకుపోతారు, ఇరవై నిండాక తిరిగి పంపుతారు. ద్వీపంలో కండ ఉన్న పడుచువాళ్ళను సైన్యంలో చేర్చుకుని ఎక్కడో క్రౌంచద్వీపంలో కాపలా పెడతారు. ఆ క్రౌంచద్వీపం వాళ్ళను తెచ్చి ఇక్కడ కాపలా పెడతారు. వీళ్ళు ఏడిస్తే వాళ్ళకు అర్థం కాదు, వాళ్ళు తిడితే వీళ్ళకు అర్థం కాదు. మొసలిపళ్ళు దాటి పడవ వేసుకుపోవడానికి ద్వీపవాసులెవరికీ అనుమతి లేదు. ఇదంతా ఒక్క కత్తి దూయకుండా డెబ్బై ఏళ్ళుగా సాగిపోతోంది.

ఆరు నెలల కిందట ముసలిరాజు కన్నుమూశాడు. ఇప్పుడు సింహాసనం ఖాళీగా ఉంది. పీట మాత్రం ఖాళీగా లేదు.

యువరాజు తీరం మీద కాలు పెట్టాడు. జనం జేజేలు పలికారు. అతడు చేతులు జోడించాడు కానీ పెదవి విప్పలేదు. పైడమ్మ గుంపును తోసుకుని వచ్చి, "నీలం బాబూ! నానయ్యా, నీ పైడమ్మని!" అని చేతులు చాచింది. యువరాజు ఆమెను చూశాడు. మాట రాలేదు. తల తిప్పుకుని పల్లకీ ఎక్కి తెర వేయించేశాడు.

జేజేలు ఆగిపోయాయి. గుసగుసలు మొదలయ్యాయి.

*

గంట తిరక్కుండానే కొమరనకు రాజప్రతినిధి నుంచి పిలుపు వచ్చింది.

సౌమ్యదత్తుడు పేరుకు తగ్గవాడు. గొంతు పెంచి మాట్లాడగా ఎవరూ వినలేదు. ద్వీపవాసుల భాష ద్వీపవాసుల కంటే చక్కగా మాట్లాడతాడు. తోటలో చలువరాతి అరుగు మీద కూర్చుని, తన చేత్తోనే కొబ్బరినీళ్ళు అందించాడు.

"నాయనా కొమరనా, ఒక బరువు నా గుండెల మీద ఉంది. నీతో కాక ఇంకెవరితో చెప్పుకోను? ఆ ఓడ దారిలో పెద్ద తుపానులో చిక్కుకుంది. బయల్దేరిన యువరాజు, దిగిన యువరాజు ఒక్కరేనా అని నాకు సందేహం."

"నాకూ అలాగే ఉందయ్యా" అన్నాడు కొమరన.

"రేపు మధ్యాహ్నం ధర్మసభ. ఏడు పేటల పెద్దలు 'ఇతడే మా రాజు' అంటేనే పట్టాభిషేకం. నీ సాక్ష్యం విన్నాకే వాళ్ళు మాట్లాడతారు. చిన్నప్పుడు మీ ఇద్దరి మధ్యా జరిగిన సంగతులేవైనా చెప్పు. అతణ్ణి పరీక్షించడానికి పనికొస్తాయి."

కొమరన చెప్పాడు. తాబేటిగుడ్ల కోసం ఇద్దరూ చిన్న దోనె ఎక్కి పోయిన సంగతి, నీలధ్వజుడు ఆకతాయిగా నీళ్ళలోకి దూకేసిన సంగతి, తాను జుట్టు పట్టుకుని పైకి లాగిన సంగతి. సౌమ్యదత్తుడు ప్రతి మాటకూ తలాడించాడు.

"సెలవైతే ఇంకొకటి. మా సిద్ధుడి అంజనంలో ఒక్కసారి చూడు. నిజం నీ కళ్ళకే కనిపిస్తుంది."

పొగడచెట్టు వెనక నుంచి పింగళసిద్ధుడు వచ్చాడు. పిల్లి కళ్ళు, మోకాళ్ళ దాకా వేలాడే జడలు, మెడలో చేపముళ్ళ దండ. అరచేతిలో తమలపాకు, ఆకు నడుమ నిగనిగలాడే నల్లటి కాటుక. "రెప్ప వెయ్యకు" అన్నాడు.

కొమరన చూశాడు. నలుపు కదిలింది, కెరటమైంది. కెరటం మీద నీలధ్వజుడి ముఖం. వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి అతణ్ణి తోసింది. ముఖం మునిగిపోయింది. బుడగలు వచ్చాయి. ఆ తరువాత బుడగలు కూడా లేవు.

కొమరన ఆకు విసిరికొట్టి లేచాడు. "తోసేశారు! మా బాబుని సముద్రంలో తోసేశారు!"

"అయ్యో" అన్నాడు సౌమ్యదత్తుడు, కళ్ళు తుడుచుకుంటూ.

*

ఇంటికొచ్చి కొమరన జరిగింది చెప్పాడు. పైడమ్మ చేపలు కడుగుతున్నదల్లా ఆగిపోయింది.

"ఒరే, ఆ దొర నీకు కొబ్బరినీల్లు ఇచ్చినాడా? తన సేత్తోనే?"

"అవునమ్మా."

"ఇరవయ్యేల్ల నుండీ ఈ రేవుకి తండేల్లు నీ అయ్య, నువ్వూ. ఎప్పుడైనా ఒక చుక్క నీల్లు పోసినాడా?" ఆమె చేతులు తుడుచుకుంది. "ఆకులో సూసినదాన్ని పట్టుకుని ఒకడి పీక మీద సాచ్చికం సెప్తావా? పోయి మనిసిని సూడు ముందు."

ఆ మాట కొమరనకు ముల్లులా దిగింది. ఆ మధ్యాహ్నమే అతడు రాజభవనంలో ఒళ్ళు పట్టే చెన్నప్ప దగ్గర తలగుడ్డ, నూనెగిన్నె అడిగి తీసుకున్నాడు. ముఖానికి పసుపూ మసీ కలిపి రాసుకున్నాడు. వీపు వంచి కుంటుతూ ద్వారం దగ్గరికి వెళ్ళాడు. చెవులకు దంతపు కమ్మలు పెట్టుకున్న క్రౌంచయోధులు గిన్నెలో ఈటె ముంచి చూసి, ఏదో గొణిగి లోపలికి వదిలారు.

స్నానశాల పాలరాతి గుహలా ఉంది. నాలుగు మూలలా నాలుగు రాతి హంసల ముక్కుల్లోంచి వేడినీరు ధారగా పడుతోంది. ఆవిరిలో యువరాజు ఒక్కడే కూర్చుని ఉన్నాడు. కొమరన వెనక నుంచి వెళ్ళి భుజాన చెయ్యి వేశాడో లేదో, లోకం తలకిందులైంది. మరుక్షణం అతడు నేల మీద వెల్లకిలా ఉన్నాడు. గొంతు మీద బాకు.

"నూనె పట్టేవాడి అరచేతిలో తాడు కాయలుండవు" అన్నాడు యువరాజు హిరణ్యకూట భాషలో. రేవుకొచ్చే ఓడలవాళ్ళతో మెలిగిన కొమరనకు ఆ భాష వచ్చు. "ఓడ మీద కనిపించినవాడివి నువ్వే. ఎవరు పంపారు?"

"నేను కొమరన్ని!"

"కొమరన చచ్చిపోయి పన్నెండేళ్ళయింది. నాకు కబురు వచ్చింది. అతడి పేరు చెప్పుకుని వచ్చేవాడు హంతకుడని కూడా ఓడ ఎక్కే ముందే హెచ్చరించారు."

కొమరనకు కోపం ముంచుకొచ్చింది. "నేను చచ్చానా? చచ్చింది మా నీలం బాబు! ఆయన బట్టలు కట్టుకొచ్చిన దొంగవి నువ్వు! నిజంగా ఆయనవే అయితే చెప్పు, తాబేటిగుడ్లకి పోయిన రోజు ఏం జరిగింది?"

అడిగాక నాలుక కరుచుకున్నాడు. ఆ కథంతా పొద్దున్నే రాజప్రతినిధికి అప్పజెప్పాడు కదా! ఆ తోటలో ఎన్ని చెవులున్నాయో, ఈ దొంగకు ఈపాటికి పాఠం అంది ఉంటుంది. 'దూకాను, నువ్వు లాగావు' అంటాడు.

యువరాజు హఠాత్తుగా భాష మార్చాడు. పెదవులు తడబడుతూ ద్వీపం మాటలు వెతుక్కున్నాయి.

"నువ్వు... నువ్వు తోసేవు! నన్ను తోసేవు. నీళ్ళు. చాలా నీళ్ళు. నేను ఏడిచాను. అమ్మకి చెప్పద్దు అన్నావు. చెప్పకపోతే తాయిలం ఇస్తా అన్నావు. ఇవ్వలేదు!"

తోసింది నిజం. ఆ ముక్క అతడు తల్లికి చెప్పలేదు, తండ్రి చితి దగ్గర కూడా చెప్పలేదు. పదిహేనేళ్ళుగా 'దూకాడు' అనే చెబుతూ వచ్చాడు. అంజనంలో యువరాజును తోసిన చెయ్యి ఇప్పుడు మళ్ళీ కళ్ళ ముందుకు వచ్చింది. అది హంతకుడి చెయ్యి కాదు, చిన్నపిల్లవాడి చెయ్యి. తనదే.

అంతకంటే అతణ్ణి కుదిపింది ఆ మాటతీరు. ఇరవయ్యేళ్ళ మగవాడు, బారెడు బాకు పట్టుకున్నవాడు, ఐదేళ్ళ పసివాడిలా మాట్లాడుతున్నాడు. దొంగ యువరాజును తయారుచేయాలంటే హిరణ్యకూట పండితులు గ్రాంథికం నేర్పుతారు గాని, తాయిలం ఇవ్వలేదని ఏడవడం నేర్పుతారా?

"బాబూ" అన్నాడు మెల్లగా, "రేవులో అమ్మతో ఎందుకు మాట్లాడలేదు?"

యువరాజు బాకు దించాడు. చెవులు ఎర్రబడ్డాయి. "నాకు బువ్వ తెలుసు. లాల, జేజి, బూచి తెలుసు. పెద్ద మాటలు రావు. అందరూ నవ్వుతారు." ఆ పైన మాటలు చాలక మళ్ళీ హిరణ్యకూట భాషలోకి దిగాడు. "అక్కడ మన భాష మాట్లాడితే అన్నం పెట్టేవారు కాదు. ఐదేళ్ళకి ఎన్ని మాటలు తీసుకెళ్ళానో అన్నే దాచుకున్నాను."

ఇద్దరూ ఆవిరిలో ఎదురెదురుగా కూర్చున్నారు. నీలధ్వజుడు గొంతు తగ్గించాడు.

"విను. వారసుణ్ణి ప్రజలు ఒప్పుకోని ద్వీపం నేరుగా చక్రవర్తి సొంతమవుతుంది. అది వాళ్ళ శాసనం. నాకు ముందు మూడు ద్వీపాల రాకుమారులు ఇళ్ళకు వెళ్ళారు. ముగ్గురినీ సొంత జనమే 'వీడు మావాడు కాడు' అన్నారు. వాళ్ళ జనం అంత కఠినులా అని మేమంతా ఏడ్చాం. ఇప్పుడు తెలుస్తోంది."

"నా చేత మీ మీద సాక్ష్యం, మీ చేత నా పీక మీద కత్తి" అన్నాడు కొమరన. "ఎవరు ఎవర్ని చంపినా ఆ సౌమ్యదత్తుడి చేతికి మట్టంటదు."

*

మర్నాడు నడినెత్తిన సూర్యుడుండగా ధర్మసభ కూడింది. వెయ్యి శంఖాలు పొదిగిన మండపం, ఏడు ఆసనాల మీద ఏడు పేటల పెద్దలు, పైన ఖాళీ సింహాసనం. పీట మీద సౌమ్యదత్తుడు చిరునవ్వుతో ఉన్నాడు. చుట్టూ ఈటెలతో క్రౌంచయోధులు, వాళ్ళ ముందు కొండలాంటి దళపతి ఉలంబు.

"కొమరనా, భయపడకు. నీకు తెలిసిన నిజం చెప్పు."

"ఈయనే మా యువరాజు. నా తల్లి పాలు తాగిన నీలధ్వజుడే."

సౌమ్యదత్తుడి చిరునవ్వు చెరగలేదు. కానీ కనురెప్ప ఒక్కసారి కొట్టుకుంది. "పిల్లవాణ్ణి ఎవరో బెదిరించారు" అన్నాడు జాలిగా. "పెద్దలే స్వయంగా అంజనం చూసి తేల్చుకోవచ్చు."

పింగళసిద్ధుడు ఏడుగురి చేతుల్లో ఏడు ఆకులు పెట్టాడు. ఒక్కొక్కరే వంగి చూశారు. ఒక్కొక్కరే కెవ్వుమన్నారు. "వీడు మావాడు కాడు!" అని మండపం మారుమోగింది.

కొమరన ముందుకు దూకాడు. "ఆగండయ్యా! ఏం కనిపించిందో గట్టిగా చెప్పండి! ఒక్కొక్కరూ!"

పెద్దపేట మారయ్య ముందుగా అన్నాడు. "మా పేటకి నిప్పెడతన్నాడు."

"నిప్పేటి? నీల్లలో సచ్చి తేలినాడు గదా!" అంది వలపేట పెద్ద, ముసలి ఎర్రమ్మ.

"నాకు పాము నాలిక కనపడింది" అన్నాడు ఇంకొకడు.

ఎర్రమ్మ ఆకును తిప్పి చూసింది. "ఒక మనిసి కాలినోడూ, మునిగినోడూ, పామూ ఎలగౌతాడ్రా? నా పెనిమిటి నీల్లలో పోయినాడు. మారయ్యా, నీ ఇల్లు రెండుసార్లు కాలింది. ఈ నలుపులో కనపడేది ఆ బాబు కాదు. మన బెంగ."

సిద్ధుడి పిల్లికళ్ళు సన్నబడ్డాయి. పెద్దల ముఖాల్లో వెలుగు రాబోతోంది. అంతలో సౌమ్యదత్తుడు మృదువుగా లేచాడు.

"అంటే సభలో ఏకాభిప్రాయం లేదన్నమాట. ఏకాభిప్రాయం లేని వారసుడు వారసుడు కాడని శాసనం. నేనేం చేయగలను? ఈ క్షణం నుంచి మౌక్తికద్వీపం చక్రవర్తివారి ఛత్రచ్ఛాయలో ఉంటుంది. వీళ్ళిద్దరినీ క్షేమం కోసం ఓడ ఎక్కించండి."

అతడు ఉలంబు వైపు తిరిగి రెండు వేళ్ళు ఎత్తి, "పట్టు. ఓడ" అన్నాడు. క్రౌంచయోధులకు నేర్పిన ఇరవై ఆజ్ఞల్లో అవి రెండు.

ఈటెలు దగ్గరపడ్డాయి. అప్పుడు నీలధ్వజుడు నోరు విప్పాడు.

వచ్చినవి గులకరాళ్ళు దొర్లినట్టున్న మాటలు. ఉలంబు అడుగు గాలిలోనే ఆగిపోయింది. దంతపు కమ్మల చెవులన్నీ ఒక్కసారిగా ఇటు తిరిగాయి. చక్రవర్తి నగరంలో నీలధ్వజుడి పక్క మంచం మీద పదమూడేళ్ళు పడుకున్నవాడు క్రౌంచద్వీపపు యువరాజు. ద్వీపాలన్నిటినీ విడదీసిన సామ్రాజ్యం వాళ్ళ పిల్లలను మాత్రం ఒకే గదిలో పెంచింది.

ఉలంబు ఏదో అడిగాడు. నీలధ్వజుడు జవాబిచ్చాడు. దళపతి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, వెంటనే ఇంకిపోయాయి.

"ఏమంటున్నాడు?" అన్నాడు సౌమ్యదత్తుడు. "ఏమంటున్నాడు వీడు?" ఆ మండపంలో మొదటిసారిగా అతడి గొంతు పెరిగింది.

ఉలంబు నిటారుగా నిలబడి, "పట్టు. ఓడ" అని వల్లించి ఇద్దరినీ ఈటెలతో ముందుకు నెట్టాడు.

*

రేవుకు నడిపించారు. ఆరుగురు యోధులు చుట్టూ, ఉలంబు వెనక. సౌమ్యదత్తుడు సిద్ధుడితో కలిసి పల్లకీలో వస్తున్నాడు, తెర సందులోంచి చూస్తూ.

"ఏం చెప్పారు బాబూ?" అని గుసగుసగా అడిగాడు కొమరన.

"జనం వెళ్ళగొట్టిన రాకుమారులను ఉప్పుకోట అనే చెరలో బంధించారు. వాళ్ళ యువరాజు అందులోనే ఉన్నాడు. చచ్చిపోయాడని వీళ్ళకు చెప్పారు. అక్కడికి తీసుకెళతానన్నాను."

"ఉప్పుకోట ఎక్కడుందో మీకు తెలుసా?"

నీలధ్వజుడు వెనక నడుస్తున్న ఉలంబు కేసి ఒకసారి చూసి, నడక పెంచాడు.

మహానౌకకు దారితీసే వంతెన ఎడమవైపు. ఉలంబు కుడివైపు తిరిగాడు, తండేళ్ళ పడవలు కట్టిన వైపు. పల్లకీ తెర సర్రున తొలగింది. కొమ్ముబూర మోగింది. మహానౌక మీదివాళ్ళు విళ్ళు ఎక్కుపెట్టారు.

"దూకు!" అని అరిచాడు కొమరన.

తొమ్మిదిమందీ పడవలో పడ్డారు. కట్టుతాడు బిగిసి ముడి రావడం లేదు. ఎక్కణ్ణించి వచ్చిందో పైడమ్మ, చేపలు కోసే కత్తితో ఒక్క వేటున తాడు తెంపింది.

"అమ్మా, ఎక్కు!"

"పోరా ముందు! నన్నెవడేటి సేత్తాడు!" అంటూనే ఆమె యువరాజు కేసి చూసింది. నీలధ్వజుడు ఆమె చేతిని పట్టుకుని, తనకు తెలిసిన మాటల్లోంచి వెతికి, "అమ్మా, బువ్వ తిను" అన్నాడు. పడవ కదిలిపోయింది. పైడమ్మ ఒడ్డున నిలబడిపోయింది, చెంగు నోట్లో కుక్కుకుని. ఆమె వెనక నుంచి భటులు పరిగెత్తుకొస్తున్నారు.

బాణాలు చివచివ నీళ్ళలో పడుతున్నాయి. ఒడ్డున పింగళసిద్ధుడు కాటుకభరిణె మొత్తం సముద్రంలోకి వంచాడు. నలుపు నీటి మీద పరుచుకుని, పొగలా లేచి, పడవ కంటే ముందే పరిగెత్తి మొసలిపళ్ళను కప్పేసింది. మిట్టమధ్యాహ్నం అమావాస్యలా మారింది. తెడ్లు వేస్తున్న యోధులు ఆ పొగలో ఎవరికి భయమైంది వాళ్ళు చూసి మూలగసాగారు.

కొమరన కళ్ళు మూసుకున్నాడు. రాళ్ళ మీద నీళ్ళు విరిగే చప్పుడే ఇక దారి.

వీపుకు చల్లగా ఏదో తగిలింది. ఈటె మొన. ఉలంబు మాట్లాడుతున్నాడు. నిదానంగా, దీర్ఘంగా, ఒక్కో మాట నొక్కి చెబుతున్నాడు. మధ్యలో రెండుసార్లు నీలధ్వజుడి పేరు వచ్చింది, ఒకసారి కొమరన పేరు కూడా. అంతా అయ్యాక నీలధ్వజుడు ఒక్క మాట పలికాడు. ఉలంబు 'ఊఁ' అన్నాడు.

"ఏమంటున్నాడు?" అన్నాడు కొమరన.

"తొందరగా పోనిమ్మంటున్నాడు."

"అంతసేపు మాట్లాడి అంతేనా?"

"అంతే."

కొమరన కళ్ళు తెరిచి వెనక్కి తిరిగి నీలధ్వజుడి ముఖం చూడబోయాడు. ఈటె మొన చొక్కా దాటి చర్మం దాకా దిగింది. ముందు, నల్లటి పొగలో, రాతికి నీళ్ళు కొట్టుకునే హోరు వినిపించింది. అది ఎప్పుడూ ఒకవైపు నుంచే రావాలి. ఇప్పుడు ఎడమ నుంచీ కుడి నుంచీ ఒకేసారి వస్తోంది. రెండింటిలో ఒకటి సిద్ధుడి మాయ, రెండోది మొసలిపన్ను.

కొమరన ఎడమదే మాయ అని ఎంచి, చుక్కానిని ఎడమ చప్పుడు మీదికే తిప్పాడు.